కతోలిక అమ్మాయి, హిందూ అబ్బాయి: చర్చిలో పెళ్లికి ఏమేం కావాలి? తాళి, జీలకర్ర-బెల్లం సంగతేంటి?

నిర్మల

మా పిన్ని కూతురి పెళ్లి విషయం. వాళ్లది గుంటూరు వైపు కతోలిక కుటుంబం. అమ్మాయికి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) రెండూ అయ్యాయి. అబ్బాయి హిందువు. రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు గానీ ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. "అబ్బాయి జ్ఞానస్నానం తీసుకోకపోతే ఫాదర్‌గారు పెళ్లే చెయ్యరు" అని ఒకరు. "ముందు ముహూర్తానికి మండపంలో కానిచ్చేసి, తర్వాత చర్చికెళ్లి దీవెన తీసుకుంటే చాలు" అని ఇంకొకరు.

నాకు తెలియాల్సినవి ఇవీ. అబ్బాయి మతం మారకుండా చెల్లుబాటయ్యే పెళ్లి కుదురుతుందా? ఏ కాగితాలు కావాలి, ఎన్నాళ్ల ముందు మొదలుపెట్టాలి? పిల్లల గురించి ఏదో రాసివ్వాలట, అందులో ఎంతవరకు మాటిచ్చినట్టు? తాళి, జీలకర్ర-బెల్లం, తలంబ్రాల్లో ఏవి ఉంచుకోవచ్చు? పెళ్లయ్యాక ప్రసాదాలూ వ్రతాలూ వస్తాయి కదా, వాటి సంగతి కూడా చెప్పండి.

శౌరి

నిర్మలగారూ, కుదురుతుంది. అబ్బాయి మతం మారనక్కర్లేదు.

1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) ధర్మశాస్త్రంలో 1086వ నియమం చూడండి. కతోలికులకూ అసలు జ్ఞానస్నానమే లేనివాళ్లకూ మధ్య పెళ్లికి ఒక అడ్డంకి ఉంది. దాన్ని తొలగించకుండా చేసుకుంటే ఆ పెళ్లి శ్రీసభ లెక్కలో చెల్లదు. తొలగించే అధికారం మేత్రాణులది (బిషప్‌ది). ఆయన ఇచ్చే సడలింపునే అందరూ డిస్పెన్సేషన్ అంటారు. అడిగేది మీ విచారణ గురువు (పారిష్ ఫాదర్), ఇచ్చేది పీఠం (డయోసిస్) కార్యాలయం. అమ్మాయి నేరుగా బిషప్ హౌస్‌కి పరిగెత్తాల్సిన పని లేదు.

దీన్ని సీఎస్ఐ, లూథరన్ లాంటి ప్రొటెస్టెంట్ అబ్బాయిని చేసుకోవడంతో కలపకండి. అక్కడ అబ్బాయికి జ్ఞానస్నానం ఉంటుంది కాబట్టి 1124వ నియమం కింద అనుమతి అడుగుతారు. ఫారాలు దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే తికమక. కానీ అనుమతి లేకపోతే నియమం తప్పినట్టు. సడలింపు లేకపోతే పెళ్లే లేనట్టు.

"జ్ఞానస్నానం ఇప్పించేస్తే పని సులువు" అన్న సలహా నాకు అస్సలు నచ్చదు. పెద్దవాళ్లకు జ్ఞానస్నానం ఇవ్వాలంటే వాళ్లంతట వాళ్లు కోరుకోవాలి, ఉపదేశం పొందాలి, క్రైస్తవ జీవితంలో కొంతకాలం పరీక్షకు నిలవాలి. 865వ నియమం చెప్పేది అదే. చాలాచోట్ల ఇందుకు ఏడాది దాకా పడుతుంది. ముహూర్తం ముందుపెట్టుకుని మూడు వారాల్లో నీళ్లు పోయిస్తే అది ఆ అబ్బాయికీ జ్ఞానస్నాన సంస్కారానికీ కూడా అవమానం. అబ్బాయిది ఎస్సీ కుటుంబమైతే ఇంకో చిక్కుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే. క్రైస్తవం తీసుకుంటే మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కిందికి వెళ్తారు. ఈ సంగతి అతనికి చెప్పకుండా ఎవరూ ఒత్తిడి చెయ్యకూడదు.

ఇక ఆ రాసిచ్చే కాగితం. 1125వ నియమంలో మూడు షరతులున్నాయి. ఒకటి, తన విశ్వాసాన్ని వదలననీ, పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి తన చేతనైనదంతా చేస్తాననీ అమ్మాయి మనస్ఫూర్తిగా మాటివ్వాలి. రెండు, ఆమె ఇచ్చిన మాట అబ్బాయికి ముందే తెలియాలి. మూడు, పెళ్లంటే ఏమిటో, అది ఒకే ఒకరితో జీవితాంతం అన్న సంగతి ఏమిటో ఇద్దరికీ వివరించాలి. గమనించండి, మాటిచ్చేది అమ్మాయి ఒక్కతే. అబ్బాయి సంతకం పెట్టేది "నాకు చెప్పారు, తెలుసుకున్నాను" అన్నందుకు. పూర్వం ఇద్దరిచేతా హామీ రాయించుకునేవారు. ఇప్పుడున్న పద్ధతి 1970లో పోపు ఆరవ పౌలు ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చింది.

"చేతనైనదంతా" అనే మాటే ఇక్కడ కీలకం. ఆమె నిజాయితీగా ప్రయత్నించి, భర్త ససేమిరా అని, ఇల్లు విరిగిపోయే స్థితి వచ్చి ఆగిపోతే మాట తప్పినట్టు కాదు. కానీ లోపల "పిల్లల్ని అటే పెంచుదాంలే, సంతకమే కదా" అనుకుని పెడితే అది అబద్ధం. అబ్బాయికి చెప్పకుండా పెడితే అతనికి చేసిన మోసం. ఈ సంభాషణ ఇద్దరి మధ్యా ఫాదర్‌గారి గదిలోకి వెళ్లకముందే జరగాలి. "మొదటి బిడ్డ మీకు, రెండో బిడ్డ మాకు" లాంటి పంపకాలు పెద్దలు మాట్లాడుకుంటారు. అలాంటి ఒప్పందం పెట్టుకుని ఈ సంతకం పెట్టడం కుదరదు.

లూర్దు

కాగితాల పని నేను చెబుతాను నిర్మలా. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

అమ్మాయికి: ఆరు నెలల లోపు తీసిన కొత్త జ్ఞానస్నాన పత్రం. ఇంట్లో బీరువాలో ఉన్న పాతది పనికిరాదు. ఎందుకంటే పెళ్లి, భద్రమైన అభ్యంగనం వివరాలు జ్ఞానస్నానం జరిగిన విచారణ రిజిస్టరు అంచున రాస్తారు. కొత్త ప్రతి తీస్తేనే ఆమెకు ఇంతకుముందు పెళ్లి కాలేదని రూఢి అవుతుంది. ఆమె ఫిరంగిపురంలో జ్ఞానస్నానం పొంది హైదరాబాద్‌లో ఉంటుంటే రెండు చోట్ల నుంచీ ఉత్తరాలు కావాలి. పాత రిజిస్టర్లు చేత్తో వెతకాలి కాబట్టి పుట్టిన తేదీతోపాటు తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు కూడా రాసి పంపండి.

అబ్బాయికి: వయసు రుజువు (పదో తరగతి మెమో చాలు), ఆధార్, పెళ్లి కాలేదని అఫిడవిట్. తల్లిదండ్రులో దగ్గరి బంధువులో అదే మాట చెప్పి సంతకం చేస్తారు.

ఇద్దరికీ: ఫొటోలు, వివాహ సన్నాహ తరగతుల పత్రం. ఈ తరగతులు పీఠం కేంద్రంలో రెండు మూడు రోజులు జరుగుతాయి, ప్రతి వారం ఉండవు. అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో ఉంటే అక్కడి చర్చిలో తరగతులకు వెళ్లొచ్చా అని ముందే అడగండి. తర్వాత ఫాదర్‌గారు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. ఎవరి బలవంతమైనా ఉందా, పిల్లలు వద్దనుకుంటున్నారా, ఇంతకుముందు పెళ్లి ఉందా అని. దీన్ని లాంఛనం అనుకోవద్దు. ఒత్తిడి మీద ఒప్పుకున్న అమ్మాయి నోరు విప్పగలిగేది ఆ గదిలోనే.

మామూలుగా మూడు ఆదివారాలు చర్చి పూజలో (మాస్‌లో) పెళ్లి ప్రకటన చదువుతారు. పెళ్లికి ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లు ఏ మతంవాళ్లైనా ఫరవాలేదు.

ఎక్కువమంది పట్టించుకోనిది పేర్ల గొడవ. రిజిస్టరులో "లూర్దు మరియమ్మ" అని ఉంటుంది, ఆధార్‌లో "స్వాతి" అని ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. పెళ్లయ్యాక భర్తతో విదేశం వెళ్లాలంటే వీసా దగ్గర ఆ చర్చి పత్రాన్ని తోసేస్తారు. పెళ్లికి ముందే రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ తీసుకుని, వివాహ రిజిస్టరులో "లూర్దు మరియమ్మ అలియాస్ స్వాతి" అని పాస్‌పోర్ట్ స్పెల్లింగుతో రాయించండి. సంతకాలయ్యాక దిద్దించడం చాలా కష్టం.

తేదీ గురించి ఒక మాట. గుడ్ ఫ్రైడే, దాని మర్నాటి శనివారం పెళ్లి చెయ్యరు. మిగతా తపస్సుకాలంలో (ఈస్టర్ ముందు వచ్చే లెంట్ రోజుల్లో) చట్టం అడ్డు చెప్పదు గానీ చాలా విచారణల్లో ప్రత్యేక అనుమతి లేనిదే ఒప్పుకోరు. ఒప్పుకున్నా అలంకరణలూ బ్యాండూ తగ్గించమంటారు. అటువాళ్లకేమో ఆషాఢం, శూన్యమాసాలు పనికిరావు. 2027లో తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న. అంటే ఆ ఏడు మాఘమాసం దాదాపు మొత్తం తపస్సుకాలంలోనే పడుతుంది. ఫంక్షన్ హాలుకి అడ్వాన్స్ ఇచ్చే ముందే పంచాంగాన్నీ పూజా క్యాలెండర్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

జోజి

చట్టం వైపు నుంచి రెండు ముక్కలు. "ముందు మండపంలో కానిచ్చేద్దాం" అన్న సలహా శ్రీసభ లెక్కలోనే కాదు, దేశ చట్టంలో కూడా ప్రమాదం.

1955 హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. ఒకరు క్రైస్తవులుగా ఉండగా గుడిలో తాళి కట్టి, ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించినా అది నిలవదు. ఆంధ్ర నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008లో సరిగ్గా ఇదే తేల్చింది. అబ్బాయి రోమన్ కతోలిక్, అమ్మాయి హిందువు, 1996లో గుడిలో తాళి కట్టారు, వారం పది రోజుల్లో రిజిస్టర్ కూడా చేయించారు. ఆ పెళ్లి చెల్లదన్నారు. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

1872 భారత క్రైస్తవ వివాహ చట్టం 4వ సెక్షన్ మాత్రం ఒకరు గానీ ఇద్దరూ గానీ క్రైస్తవులైతే వర్తిస్తుంది. కాబట్టి సడలింపుతో చర్చిలో చేసిన పెళ్లి దేశ చట్టంలోనూ పెళ్లే. మతం మారలేదు కాబట్టి ఎవరి వారసత్వ చట్టం వాళ్లకే ఉంటుంది. ఆపైన 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం కింద రిజిస్టర్ చేయించుకోండి.

మూడో దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు అభ్యంతరాలకు ఆగాలి, మూడు నెలల్లోపు పెళ్లి చేసుకోకపోతే నోటీసు మురిగిపోతుంది, ముగ్గురు సాక్షులు కావాలి. దీనికి రెండు ఫలితాలున్నాయి, వాటిని ఎవరూ ముందు చెప్పరు. ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందూ అబ్బాయి 19వ సెక్షన్ ప్రకారం ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క (వాటా పోదు, విడిపోయినట్టు మాత్రమే). ఆస్తి వారసత్వం 1925 భారత వారసత్వ చట్టం కిందికి వెళ్తుంది. పొలాలు, ఉమ్మడి ఆస్తులు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంకోటి. అబ్బాయికి ఇంతకుముందు పెళ్లయి విడాకులు తీసుకుని ఉంటే మొదటి రోజే ఫాదర్‌గారికి చెప్పండి. హిందూ పద్ధతిలో జరిగిన పెళ్లిని కూడా శ్రీసభ నిజమైన పెళ్లిగానే చూస్తుంది. కోర్టు విడాకులతో దారి తెరుచుకోదు. కొన్ని సందర్భాల్లో ఫైలు రోముదాకా వెళ్లాలి. కార్డులు పంచాక బయటపడితే తేదీ పోతుంది.

నిర్మల

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. శౌరిగారూ, ఇంకో అనుమానం. చర్చి పెళ్లి పొద్దున చేసి, సాయంత్రం మండపంలో పురోహితుడు లేకుండా జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు పెట్టుకుంటే? అబ్బాయి నాయనమ్మ కోరిక.

ఇన్నయ్య

తాళితో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి మూడువందల ఏళ్ల చరిత్ర ఉంది.

1704లో పోపు ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో ఒక ఉత్తర్వు ఇచ్చారు. అప్పట్లో కర్ణాటక మిషన్ జెసూట్లు మన తెలుగు ప్రాంతంలోనూ తిరుగుతున్నారు. క్రైస్తవ స్త్రీలు పిళ్లయార్ (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళి వేసుకోకూడదనీ, వేసుకుంటే సిలువో యేసు, మరియమాతల రూపమో ఉండాలనీ అందులో ఉంది. పసుపు తాడునీ 108 పోగులనీ కూడా నిషేధించారు. ఆ గొడవ 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు దాకా సాగింది. అంటే తాళిని ఎన్నడూ మానమనలేదు, దానిమీది బొమ్మను మార్చమన్నారు. ఇవాళ తెలుగు కతోలిక మెడల్లో కనబడే సిలువ పుస్తె ఆ దారిలో వచ్చిందే. అప్పుడు వద్దన్న పసుపుతాడు ఇప్పుడు మన చర్చిల్లోనే కడుతున్నారు.

మీ పెళ్లిలో తాళి ఎప్పుడు కట్టాలన్నది ముఖ్యం. పెళ్లి జరిగేది సమ్మతి మాటలతో: "నేను నిన్ను నా భార్యగా స్వీకరిస్తున్నాను" అని ఇద్దరూ గురువు ముందు, సాక్షుల ముందు నోటితో చెప్పాలి. ఆ తర్వాతే ఉంగరాలు, తాళి ఆశీర్వదించి కడతారు. ఫొటోగ్రాఫరు తొందరలోనో, ముహూర్తం దాటుతోందనో తాళి ముందు కట్టించి సమ్మతి తర్వాత గొణిగిస్తే వరుసే తారుమారు. ముహూర్తం 10.42కి ఉంటే 10.15కి మొదలుపెట్టమని ఫాదర్‌గారితో మాట్లాడుకోండి. వాక్య పఠనం, ప్రసంగం అయ్యేసరికి తాళి ఆ వేళకే వస్తుంది. ఇది దివ్యపూజ లేకుండా జరిగే విధి కాబట్టి మొత్తం 40 నిమిషాలు పడుతుంది. జ్ఞానస్నానం లేనివారితో పెళ్లికి పూజాగ్రంథంలో ఉన్న విధి అదే. ఘనంగా ఉండదని బాధపడకండి. పూజ పెడితే సగంమంది బంధువులు సత్ప్రసాదం (కమ్యూనియన్) అందుకోలేక పక్కన కూర్చోవాలి.

ఇక నాయనమ్మగారి కోరిక. నలుగు, పెళ్లికూతుర్ని చెయ్యడం, గాజులు, పసుపు, తలంబ్రాలు, అప్పగింతలు ఇవన్నీ తెలుగు ఇళ్ల వేడుకలు. మన గుంటూరు, పల్నాడు కతోలిక రెడ్డి, కమ్మ, మాల, మాదిగ ఇళ్లన్నిట్లో ఏదో రూపంలో ఉన్నాయి. నా ఉద్దేశంలో జీలకర్ర-బెల్లం కూడా పురోహితుడు, మంత్రం లేకపోతే వేడుకే.

శౌరి

ఇన్నయ్య బాబాయ్, చివరిదానితో నేను ఏకీభవించను. 1127వ నియమం మూడో భాగం స్పష్టంగా ఉంది: సమ్మతిని ఇవ్వడానికో, మళ్లీ చెప్పడానికో ఇంకో మతవిధి ముందు గానీ వెనక గానీ ఉండకూడదు. తలంబ్రాలను ఎవరూ పెళ్లి అనరు. జీలకర్ర-బెల్లం అలా కాదు. తెలుగు హిందువుల ఇళ్లలో సుముహూర్తం అంటేనే ఆ క్షణం. తలమీద పెట్టగానే "పెళ్లయిపోయింది" అంటారు. సాయంత్రం అది పెడితే నాయనమ్మ దృష్టిలో పొద్దున చర్చిలో జరిగింది పెళ్లి కాదు, ఇదే పెళ్లి. కన్యాదానం, హోమం, సప్తపది సంగతి చెప్పనే అక్కర్లేదు. తలంబ్రాలు, దండలు, పెద్దల అక్షింతలు, పూలబంతులాట ఉంచుకుని జీలకర్ర-బెల్లం వదిలెయ్యమని నా సలహా. ఎటూ తేలకపోతే విచారణ గురువును అడగండి, ఆయన మాటే ఖాయం.

హిందూ విధే కావాలని అటువాళ్లు గట్టిగా పట్టుబడితే, చర్చి విధి నుంచి కూడా మినహాయింపు అడిగే వీలు అదే 1127లో ఉంది. తీవ్రమైన కారణం చూపించాలి, మేత్రాణులే ఇవ్వాలి, ముందే ఇవ్వాలి. దేశ చట్టం లెక్క జోజి చెప్పినట్టు మళ్లీ విడిగా చూసుకోవాలి.

ఇన్నయ్య

సుముహూర్తం క్షణం అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు శౌరీ. సరే, అది తీసేయ్.

లూర్దు

పెళ్లయ్యాక ఇంటి సంగతి అడిగావు నిర్మలా.

అబ్బాయికి జ్ఞానస్నానం లేదు కాబట్టి ఈ పెళ్లి శ్రీసభ లెక్కలో సంస్కారం (సాక్రమెంట్) కాదు, కానీ నిజమైన పెళ్లి. అమ్మాయి పాపసంకీర్తనానికీ (కన్ఫెషన్‌కీ) సత్ప్రసాదానికీ ఎప్పటిలా వెళ్లొచ్చు. ఈ ఒక్క కారణం చేతే మండపంలో ముందు చేసుకోవద్దని మొత్తుకుంటాం. అలా చేసుకున్నవాళ్లు సరిచేయించుకునేదాకా సత్ప్రసాదం అందుకోలేరు. ఇప్పటికే అలా అయినవాళ్లకు దారి ఉంది: సడలింపు తీసుకుని గురువు ముందు మళ్లీ సమ్మతి చెప్పడం. భర్త మళ్లీ చెప్పనంటే, ఇద్దరి సమ్మతీ ఇంకా నిలిచి ఉన్నంతవరకు, మేత్రాణులు 1161వ నియమం కింద మూలం నుంచే సరిచెయ్యగలరు. అప్పుడు రెండో తంతు అక్కర్లేదు.

ప్రసాదం గురించి పునీత పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 10వ అధ్యాయంలో చెప్పిందే కొలత. పెట్టింది తిను, ఆరాలు తియ్యకు. ఇది నైవేద్యం అని ఎవరైనా చెబితే చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం మాను. అత్తగారు ప్రేమగా చేతిలో పెట్టిన పులిహోర విసిరికొట్టడం కాదిది. "నేను ఇది తీసుకోను అత్తయ్యా, భోజనంలో వడ్డించండి" అని మొదటి నెలలోనే మెత్తగా చెబితే తర్వాత గొడవ ఉండదు. ఏడాది తిని అప్పుడు మానితేనే మనసులు విరుగుతాయి.

సత్యనారాయణ వ్రతంలో పీటలమీద దంపతులుగా కూర్చుని సంకల్పం చెప్పడం పూజ చెయ్యడమే, అది కుదరదు. వంట చెయ్యడం, చుట్టాలను చూసుకోవడం, అక్కడ ఉండటం మర్యాద. గృహప్రవేశానికి వాళ్ల పూజ వాళ్లు చేసుకుంటే, ఇంకో రోజు ఫాదర్‌గారిని పిలిచి ఇల్లు ఆశీర్వదింపజేసుకోవచ్చు. బారసాల, అన్నప్రాశన హోమం లేకుండా పేరు పెట్టి పాయసం తినిపించేంతవరకు ఇబ్బంది లేదు. బొట్టు, పూలు, గాజులు అలంకారం.

శుక్రవారాలు మాత్రం రెండు ఇళ్లకూ కలిసొస్తాయి. లక్ష్మీదేవి రోజని చాలా హిందూ ఇళ్లలో ఆ రోజు నీసు వండరు, మనకూ ఆ రోజు మాంసం మానే నియమం ఉంది. తేడా ఏంటంటే మనకు చేపలు, గుడ్లు తినొచ్చు, వాళ్లకు అవీ ఉండవు. విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే మాంసం మానడంతోపాటు ఉపవాసం కూడా: 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా ఒక పూర్తి భోజనం, రెండు చిన్న పూటలు. మాంసం మానడం 14 ఏళ్లు నిండిన దగ్గర్నుంచే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఉపవాసం వర్తించదు. ఇది అటువాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కోడలు పస్తుంటోందని అత్తగారు కంగారుపడతారు.

నిర్మల

తరగతుల తేదీలు రేపే కనుక్కుంటాను లూర్దక్కా. ఆధార్‌లో ఇంటిపేరు వెనక ఉంది, రిజిస్టరులో ముందు ఉంది. అఫిడవిట్ ఇద్దరికీ కావాలా, అమ్మాయికి చాలా?

లూర్దు

తేడా ఉన్నవాళ్లకే. అబ్బాయి పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్ట్ మూడూ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మూడూ ఒకేలా ఉంటే అతనికి అక్కర్లేదు. అమ్మాయి అఫిడవిట్ రెండు అసలు ప్రతులు తీయించండి, ఒకటి విచారణ ఫైల్లో ఉండిపోతుంది.